నీళ్ళ మీదే చెప్పే మాట

దిబ్బలపాళెం,
ఇందుకూరుపేట మీదుగా.
24 జూలై 1960

అన్న కామాక్షయ్యకు, తమ్ముడు మస్తానయ్య నమస్కారాలతో రాసే సంగతులు.

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. బాగున్నామని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. నువ్వు మద్రాసు హార్బరు పనికి పోయి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో ఇసుక దిబ్బ దిగి ఊళ్ళోకి నలభై బారలు వచ్చింది. మునెయ్య ఇంటి వెనక గోడ చూరు దాకా పూడిపోయింది. మనం మంచినీళ్ళు ముంచుకునే దక్షిణపు దొరువు సగానికి సగం పూడింది. పిల్లలు బడికి వస్తే మొదటి అరగంట ఇసుక ఎత్తిపోయడమే. "అయ్యవారూ, మేము అఆలు దిద్దేది ఇసకలోనే గదా, మళ్ళా ఎందుకు ఎత్తిపోసేది?" అని ఒక గడుగ్గాయి నన్నే అడిగింది.

మన పెద్దలు దిబ్బ మీది తాళ్ళన్నీ దూలాలకని కొట్టేసినందుకు ఇది ఫలం. అందుకని పద్నాలుగు మందిమి కలిసి ఒక సంఘం పెట్టాం. వనమహోత్సవానికి బ్లాకు ఆఫీసువాళ్ళు సరుగుడు మొక్కలు ఇస్తామన్నారు. వద్దన్నాను. సరుగుడు ఎదగ్గానే కట్టెలకని కొట్టుకుపోతారు. ఈ ఉప్పుగాలికి పుట్టిన చెట్లే పెడదామన్నాను. ముందు వరసన మొగలి, వెనక కానుగ, పొన్న, నడుమ తాటి టెంకలు. మిషను పేట నుంచి జకరయ్య రోజూ కావడితో నీళ్ళు మోస్తున్నాడు. భుజం పుండు పడినా మానడు.

పిడుగు పడి తల తెగి నిలువెత్తే మిగిలిన మొండి తాడి ఉంది కదా, అక్కడ మొదలుపెట్టి ఉత్తరంగా పోదామని అనుకున్నాం. నువ్వొక మాట దీవించి రాస్తే మొదలుపెడతాం.

నీ కొడుకు పోలయ్య నావ బాగా నడుపుతున్నాడు. పద్దెనిమిదేళ్ళ వాడే అయినా గాలి తిరిగిందంటే తక్కిన నావలవాళ్ళు "పోలయ్య యాడుండాడో చూడండ్రా, వాడెనకే పోదాం" అంటున్నారు. ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దారి చూపే ఇల్లు మనదన్న పేరు వాడు నిలబెడుతున్నాడు. బడికి రమ్మంటే మాత్రం ఇప్పటికీ సముద్రంలో దూకుతాడు. వదిన కులాసా. నీ ఉత్తరాలు ఎప్పటిలాగే నేనే చదివి వినిపిస్తున్నాను.

తమ్ముడు,
మస్తానయ్య


రాయపురం, మద్రాసు.
9 ఆగస్టు 1960

చిరంజీవి మస్తానయ్యకు దీవెనలు.

నువ్వు పార పట్టావంటే నమ్మలేక ఆ ముక్క రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు అమ్మ కట్టెలు తెమ్మంటే కడుపునొప్పి తెచ్చుకునేవాడివి. పోనీలే, ఇప్పటికైనా నడుం వంగింది. మంచిపని. చెయ్యి.

ఇక్కడ పన్నెండుమందిమి ఒక కొట్టంలో పడుకుంటాం. ఆడమనిషిని తెచ్చి పెట్టుకునే చోటు కాదని మీ వదిన పిచ్చమ్మకు చెప్పు. నీళ్ళ మీద బతుకుతూ నీళ్ళ వాసనే తెలియకుండా ఉంది. అంతా చమురు కంపు.

ఒక్క మాట జాగ్రత్తగా విను. ఆ మొండి తాడి ముందర, సముద్రం వైపు ఇరవై బారల మేర ఒక్క మొక్క పెట్టవద్దు. ఎందుకని అడగవద్దు. అది అయ్య నాకు నీళ్ళ మీద చెప్పిన మాట. నావ ముక్కు మీద చెయ్యి పెట్టించి చెప్పాడు. నీళ్ళ మీద చెప్పింది నేల మీద అనకూడదు, కాగితం మీద అసలే పెట్టకూడదు. ఊరు వదిలే ముందు వారం పోలయ్యను తీసుకుపోయి నేనూ అట్లాగే చెప్పి వచ్చాను. వాణ్ణీ అడగవద్దు. తక్కిన దిబ్బంతా నీ ఇష్టం, అడవి చేసుకో.

అన్న,
కామాక్షయ్య


దిబ్బలపాళెం,
11 సెప్టెంబరు 1960

అన్నకు నమస్కారం.

నువ్వు చెప్పినట్టే ఇరవై బారలు వదిలాను. ఎందుకు వదిలావని అడిగినవాళ్ళకు మా అన్న మాట అని మాత్రం చెప్పాను. సంఘంవాళ్ళు ఊరుకోలేదు. ఊళ్ళో మగవాళ్ళందరినీ బడి ముందర కూర్చోబెట్టి, అక్కడ మొక్క పెడితే ఎవరికైనా ఏమైనా ఇబ్బందా అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. వదిన తమ్ముడు హజరత్తయ్య మాత్రం "మీ ఇంటి మాటలు మాకెట్ట తెలస్తాయబ్బా" అని లేచిపోయాడు. ఆ తర్వాత పుట్టిన మాట ఏమిటంటే, నువ్వు మద్రాసు నుంచి వచ్చి ఆ పోరంబోకులో ఇల్లు కట్టుకుంటావట, అందుకని నాతో చోటు ఆపించావట. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడవద్దు. నన్ను అయ్య ఒక్కసారే నావ ఎక్కించాడు. అలల్లో వాంతులు చేసుకున్నానని ఒడ్డున దింపి బడికి తోలాడు. అంతమాత్రాన నేను ఆయన కొడుకును కాకుండా పోయానా? నీకు చెప్పిన మాట, నీ కొడుక్కి చెప్పిన మాట, నాకు ఎందుకు పనికిరాదు?

మస్తానయ్య


దిబ్బలపాళెం,
20 ఆగస్టు 1961

అన్నకు,

ముందు చెడ్డ కబురు. మునెయ్య తల్లి పోయింది. పడమటి గాలి సముద్రపు గాలిగా మారిన రోజున నువ్వు వదలమన్న సందులోంచి ఇసుక వరదలా వచ్చింది. మధ్యాహ్నం ముసలామె గోడవార పడుకుని ఉంది. గోడ ఇసుక బరువుకు లోపలికి పడింది. తవ్వి తీసేసరికి నోటి నిండా ఇసుక. మిగిలిన దిబ్బ మీద మన మొక్కలు నడుమెత్తు పెరిగి ఇసుకను గట్టిగా పట్టుకున్నాయి. ఆ ఒక్క సందే గండి అయింది. దక్షిణపు దొరువు పూర్తిగా పోయింది. ఆడవాళ్ళు నీళ్ళకు మైలున్నర నడుస్తున్నారు.

శవాన్ని తీసుకుపోతుంటే మునెయ్య నా వైపు చూసిన చూపు నీకు రాసి చూపలేను. మర్నాడే ఆ ఇరవై బారల్లో మూడు వరసల కానుగ, పొన్న పెట్టించాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు, కారణం చెప్పవు. చచ్చిన మనిషి ముందర కారణం లేని మాట నిలవదన్నా.

నీ ఉత్తరాలు వదినకు చదివేటప్పుడు ఈ తాడిచెట్టు గొడవ వదిలేస్తున్నాను. అన్నదమ్ముల తగవు ఆమె చెవిన వేయడం ఎందుకు?

మస్తానయ్య


రాయపురం,
2 సెప్టెంబరు 1961

మస్తానయ్యకు,

ముసలామె సంగతి విని బాధపడ్డాను. మునెయ్యకు నా మాటగా చెప్పు.

ఆ మొక్కలు పీకెయ్. ఈ ఉత్తరం అందిన పూటే పీకెయ్. ఇసుకకు తడికెలు కట్టు, గోడ కట్టు, నీ తలకాయ అడ్డం పెట్టు, చెట్టు మాత్రం వద్దు. కారణం కావాలంటే రైలెక్కి ఇక్కడికి రా. హార్బరులో పడవ మీద కూర్చోబెట్టి చెబుతాను. అవీ నీళ్ళే. అంతకంటే నేను దిగలేను.

నాలుగు అక్షరాలు వచ్చినంత మాత్రాన అయ్య మాటకు అడ్డం పోతావా? ఆ మొక్కలు అక్కడ ఉన్నంతకాలం నేను పాళెంలో కాలు పెట్టను. అయ్య మీద ఒట్టు.

కామాక్షయ్య


దిబ్బలపాళెం,
14 జనవరి 1962

అన్నకు,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయపడ్డాను.

నేను రాను. ముప్పై ఏళ్ళు వచ్చినవాణ్ణి, నలభైమంది పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి, మద్రాసు దాకా వచ్చి పడవలో కూర్చుని చెవిలో చెప్పించుకోవాలా? అయ్య నన్ను ఒడ్డున దింపినప్పుడు నువ్వు పక్కనే కూర్చుని నవ్వావు. ఇప్పుడు మళ్ళీ ఎక్కిస్తానంటున్నావు. నీ ఉత్తరంలో నాకు కనిపించింది అదే నవ్వు. మొక్కలు పీకను. నువ్వు రానంటే రాకు. వదిన అడిగితే అన్నకు సెలవు దొరకడం లేదని చెప్పాను. నిజం చెప్పి ఆమెను ఏడిపించడం ఇష్టంలేక అబద్ధమాడాను.

దొరువు మళ్ళీ తవ్వాం. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. జకరయ్య మొదటి కడవ వదినకే ఇచ్చాడు.

మస్తానయ్య


దిబ్బలపాళెం,
28 జూన్ 1964

అన్నకు,

రెండేళ్ళుగా మన మధ్య క్షేమసమాచారాలు తప్ప మాట లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

చెట్లు నిలువున్నర పెరిగాయి. పొన్న పూత పట్టింది. ఇసుక అడుగు ముందుకు వేయలేదు. చూడటానికి బ్లాకు నుంచి జీపుల్లో వస్తున్నారు. ఇట్లా ఉండగా నెల రోజుల నుంచి మొండి తాడి ముందరి చెట్ల తలలు ఎవరో నరుకుతున్నారు. తక్కినవాటి జోలికి పోవడం లేదు, అవే. పదకొండు చెట్లు మోడులయ్యాయి. మేకలవాళ్ళనుకుని తిట్టాం. వంతులు వేసుకుని కాపలా కాశాం. మొన్న మధ్యాహ్నం ఊరు కునుకు తీసే వేళ దొంగ దొరికాడు. చేతిలో కత్తి, చెట్టు మీద నీ కొడుకు.

"ఏందిరా పోలయ్యా ఈ పని?" అన్నాను. పలకలేదు. సంఘంవాళ్ళు, పెద్దమనుషులు అందరూ చేరారు. మునెయ్య "మా అమ్మను మింగిన ఇసకను మళ్ళా పిలస్తావా?" అని చెంప మీద కొట్టాడు. వాడు ఇరవై రెండేళ్ళ మొగాడు, నాలుగు నావలను వెనకేసుకుని మొగలోకి వచ్చేవాడు, తల వంచుకుని నిలబడ్డాడు. నావైపు మాత్రం ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏదో అడిగాడు, నాకు తెలియలేదు. చివరికి పదకొండు మొక్కలు వాడి చేతనే నాటించాం. ఇక చెట్టు మీద కత్తి పెట్టనని నావ మీద ఒట్టు వేయించాం. వేశాడు.

ఇది నీ పురమాయింపేనా? నిజం రాయి.

మస్తానయ్య


రాయపురం,
10 జూలై 1964

మస్తానయ్యకు,

నా కొడుకును అందరి ముందర కొట్టించావు. సరే. వాడు పలకలేదని రాశావు. పలకడు. నేను పలకవద్దన్నాను. వాడు చేసింది తప్పు కాదు. నువ్వు పెంచిన దానిలో తనకు కావలసినంత కిటికీ తెరుచుకున్నాడు, అంతే.

నేను చెప్పేది వాడికి చెప్పు. నావ మీద వేసిన ఒట్టు తండ్రిగా నేను విప్పుతున్నాను. వాడి పని వాణ్ణి చేసుకోనివ్వు. అది కుదరకపోతే గాలి లేచిన రోజున మొగలోకి రావద్దని, బయటే లంగరు వేసి ఆగమని చెప్పు. ఈ రెండు మాటలు మర్చిపోకుండా చెప్పు.

రాత్రంతా ఆలోచించాను. నీకు రాసేద్దామని కూర్చున్నాను. ఆ మొండి తాడి ఉంది చూశావూ, అది...

ఇక్కడ నాలుగు మాటలు రాసి కొట్టేశాను. అయ్య కళ్ళముందరికి వచ్చాడు. దీపావళికి మేస్త్రీ సెలవు ఇస్తానన్నాడు. నా ఒట్టు మంటగలవనీ, వస్తాను. ఇద్దరం నావ ఎక్కుదాం. వాంతి చేసుకున్నా నవ్వను.

కామాక్షయ్య


దిబ్బలపాళెం,
27 నవంబరు 1964

అన్నా,

తంతి ఆలస్యంగా అందిందని తెలిసింది. స్తంభాలన్నీ పడిపోయాయి. దీపావళికి నువ్వు వస్తావని వదిన ఇల్లంతా అలికింది. మేస్త్రీ ఆపాడని నీ కార్డు వచ్చింది. రెండు వారాలకు ఇది.

ఆ రోజు పొద్దున గాలి లేదు. మూడు నావలు పోయాయి. మధ్యాహ్నానికి ఆకాశం రాగి చెంబులా అయింది. మూడు గంటలకు సముద్రం లేచింది. వానలో మూడు నావలూ కనిపించాయి, పోలయ్యది ముందు. మేమందరం చెట్ల వెనక నిలబడి కేకలు పెట్టాం. వాడు మొగకు ఎదురుగా రావాల్సింది, దక్షిణంగా వచ్చాడు. ఇసుక మేట మీద అల విరిగింది. నావ తిరగబడింది. వెనక వచ్చిన రెండోది దాని మీద పడింది. మూడోది భయపడి వెనక్కి తిరిగి, తెల్లవారాక పది మైళ్ళ అవతల ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అయిదుగురు పోయారు. పోలయ్య మూడో రోజున తేలాడు. ముఖం లేదు. మొలతాడు చూసి వదిన గుర్తుపట్టింది. తలకొరివి నేను పెట్టాను.

ఊళ్ళో ఒక్క ఇంటి కప్పు లేవలేదు. చెట్లు లేని ఉత్తరపు పాళెంలో ముప్పై ఇళ్ళు పోయాయి. మా చెట్లు ఊరిని కాపాడాయని జనం నా చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. బ్లాకువాళ్ళు సభ పెట్టి దండ వేస్తారట. ఆ నోటితోనే "కుర్రోడు దోవ తప్పించినాడు, నలుగుర్ని తీసకపోయినాడు" అంటున్నారు.

పోలయ్య నావలోంచి బతికి బయటపడింది హజరత్తయ్య ఒక్కడే. నాలుగు రోజులు మాట రాలేదు. నిన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "పోలయ్య నావలో లేచి నిలబడి గట్టు చూస్తానే ఉన్నాడు. 'మామా, ఎనకుండే పెద్ద తాడి కనపడతా ఉండాది, ముందర మొండి తాడి కనపళ్ళా. రెండూ ఒకటైతేనే మొగ. దేంతో కలిపేది మామా?' అని అరిచినాడు. నీళ్ళ మీదే గదా చెప్పినాడు, వాడి తప్పేమీ లేదు."

నువ్వు కొట్టేసిన ఆ నాలుగు మాటలు ఏమిటో తెలిసింది అన్నా. వాడు నరికిన మోడులు వానలకు చిగిర్చి మళ్ళీ కమ్ముకున్నాయి. జూలైలో ఆ కాగితం ఎండకు పట్టుకుని చదవబోయాను, కనపడలేదు. గొడ్డలి పట్టుకుని దిబ్బ ఎక్కాను. జకరయ్య చేతిలోంచి లాక్కుని "అయ్యవారూ, ఇప్పుడు కొడితే నీకు పిచ్చెక్కిందంటారు" అని ఇంటికి తీసుకొచ్చాడు.

ఇంకొకటి దాచలేను. నువ్వు చెప్పమన్న రెండు మాటల్లో లంగరు మాట చెప్పాను. ఆ సముద్రంలో ఏ లంగరూ నిలవదు. ఒట్టు విప్పిన మాట చెప్పలేదు. సంఘం ముందర నా మాట చులకన అవుతుందని మింగేశాను. నేనే చంపాను.

మస్తానయ్య


రాయపురం,
8 డిసెంబరు 1964

తమ్ముడికి,

తంతి అందేసరికి దహనం కూడా అయిపోయింది. రైలు దారి బాగుపడ్డాక స్టేషను దాకా పోయి, టిక్కెట్టు కొనకుండా తిరిగి వచ్చాను. ఏ ముఖంతో రావాలి?

నువ్వు చంపానంటున్నావు. నీకు తెలియక చేశావు. నేను తెలిసి ఊరుకున్నాను. చచ్చినవాడి మాట నిలబెట్టడానికి బతికినవాణ్ణి పోగొట్టుకున్నాను. అయ్య ఆ మాట దాచమన్నది పక్కవాడికి పోకూడదనే గానీ, కొడుకులు మునిగిపోవాలని కాదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళు నా బుర్రకు తట్టలేదు.

ఇప్పుడు నేల మీదే, కాగితం మీదే రాస్తున్నాను. మొగకు ఎదురుగా నిలిస్తే మొండి తాడి, దాని వెనక చేలగట్టున పెద్ద తాడి ఒకదాని మీద ఒకటి పడి ఒక్క చెట్టుగా కనిపిస్తాయి. ఆ వరస తప్పకుండా వస్తే కింద నీళ్ళు లోతు. మొండిది పెద్దదానికి ఎడమన కనిపిస్తే నావను దక్షిణానికి తిప్పాలి, కుడిన కనిపిస్తే ఉత్తరానికి. ఇంతే. దీనికోసమే ఇదంతా.

చెట్లన్నీ కొట్టవద్దు. అవి నిలబెట్టిన ఇళ్ళూ మనవే. ఆ ఇరవై బారలు మాత్రం నీ చేత్తో కొట్టు. ఇసుకకు తడికెలు కట్టండి. దండ వేయడానికి సభ పెడతారన్నావే, ఆ సభలోనే లేచి ఈ ఉత్తరం చదువు. నా కొడుకు దోవ తప్పించలేదు. దోవ మనం మూశాం. ఆ నలుగురి పెళ్ళాలు అది వినాలి.

అంతకు ముందు పిచ్చమ్మకు చదువు. ఈసారి ఏదీ వదిలేయవద్దు. నావి, నీవి, పాత ఉత్తరాలు కూడా మొదటి నుంచీ చదువు.

కామాక్షయ్య


దిబ్బలపాళెం,
19 డిసెంబరు 1964

అన్నా,

చదివాను. నీవన్నీ నా పెట్టెలో ఉన్నాయి. నేను రాసినవి గుర్తున్నంత మేర చెప్పాను. పొద్దున మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చింది. వదిన గడపలో కూర్చుని వింది. కన్నీళ్ళు పెట్టలేదు. నడుమ ఆపమని కూడా అనలేదు. సెలవు దొరకలేదని నేనాడిన అబద్ధం దగ్గర మాత్రం తల ఎత్తి నా ముఖం చూసింది.

నీ ఆఖరి ఉత్తరంలో గురుతు సంగతి చదివాక, "అది నాకు తెలుసు గదయ్యా" అంది.

నాకు అర్థం కాలేదు. ఎట్లా తెలుసని అడిగాను.

"కాపరానికొచ్చిన ఏడే తెలిసింది. ఎదురుగాలి రోజుల్లో గంప పెట్టుకోని ఒడ్డున నిలబడతా ఉంటి. మీ అన్న నావ ఎప్పుడొచ్చినా ఆ రెండు తాళ్ళకు ఎదురుగానే వచ్చేది. ఇరవై ఏళ్ళు చూసినా. నా కళ్ళేమన్నా పోయినాయా? నావ మీద చెయ్యి పెట్టించి నాచేత ఎవురూ ఒట్టేయించుకోలా."

మరి మొక్కలు పెట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదని అడగబోయాను. ఆమే చెప్పింది.

"మీ అన్న సరేనన్నాడు గామోలనుకుంటి. కొడుక్కి ఇంకో గురుతు చెప్పుంటాడులే అనుకుంటి. నువ్వు చదివిన ఉత్తరాల్లో ఆ మాటే లేకపాయె. పిల్లోడు కొమ్మలు నరికి దెబ్బలు తిన్నాక, ఇదేందిరా అని అడిగినా. వాడు పలకలా. నువ్వూ వాళ్ళ నాయనా ఉత్తరాల్లో తేల్చుకోనుంటారులే, చదువుకున్నోళ్ళు, నాకేం తెలుసు అని ఊరుకుంటి."

లేచి చాప మడిచింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. లోపలికి పోబోతూ ఆగి ఇంకొక మాట అంది. అది నీకు రాయకుండా ఉండలేను. రేపు సభలో నీ ఉత్తరంతోపాటు ఇదీ చెబుతాను.

"ఊళ్ళో మగోళ్ళందర్నీ కూర్చోబెట్టి అడిగినావు గదా మస్తానయ్యా. ఆ పక్కనే నీళ్ళకాడికి పోతా ఉంటి. నన్ను ఒక్క మాట అడిగుంటే చెప్పుండేదాన్నే."

మస్తానయ్య